మళ్ళీ రన్నేనా? ఒక కాలేజీ ఫుట్‌బాల్ జట్టు కేసు

జట్టు పేరు, రాష్ట్రం, ఏడాది చెప్పను. జట్టు అంకెల్ని కూడా ఎవరూ గుర్తుపట్టకుండా కాస్త అటూ ఇటూ జరిపాను. ఇందులోని మనుషులు ఇంకా ఇదే వృత్తిలో ఉన్నారు. నేనూ ఉన్నాను మరి.

రాసి పెట్టుకోవడానికి కారణం ఒకటే. మా జట్టు ఏం ఆడబోతోందో ముందే తెలిసిపోతోందన్న అభిమానుల ఫిర్యాదు నిజం. దానికి వాళ్ళు చెప్పిన కారణం, బంతి పట్టుకుని పరిగెత్తడం మరీ ఎక్కువైందన్నది, తప్పు. మేం ముందు ఫిర్యాదును కొట్టిపారేశాం. తర్వాత ఒప్పుకుని, వాళ్ళు చెప్పిన కారణానికే మందు వేశాం. పన్నెండు మ్యాచుల సీజన్‌లో సగం అలాగే గడిచిపోయింది.

నేపథ్యం

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే సాకర్ కాదు, కోడిగుడ్డు ఆకారం బంతితో ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. మైదానం పొడవు 100 గజాలు. యార్డు అంటే మన గజమే కాబట్టి, ప్లాట్ల బేరాలు విని పెరిగిన మనకు ఈ ఆట కొలతలు కొత్తగా నేర్చుకోనక్కర్లేదు. బంతి ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలు, వాటినే డౌన్లంటారు. ఆ నాలుగింటిలో 10 గజాలు ముందుకు పోతే మళ్ళీ నాలుగు దొరుకుతాయి. పోలేకపోతే బంతి అవతలివాళ్ళది. ప్రతి డౌన్‌లోనూ ముందుకు పోవడానికి దారులు రెండే: బంతి పట్టుకుని పరిగెత్తడం, లేదా విసరడం. అంటే రన్, పాస్. ఒక డౌన్‌లో ఆడేదాన్ని ప్లే అంటారు. ఒక ప్లే అయ్యాక తర్వాతి దానికి గడియారం 40 సెకన్లు ఇస్తుంది. ఆ వ్యవధిలో అఫెన్సివ్ కోఆర్డినేటర్, అంటే బంతి మన దగ్గరున్నప్పటి ఆట (అఫెన్స్) చూసే కోచ్, ఒక ప్లే ఎంచి పంపాలి, పదకొండు మంది వరసలో నిలబడాలి, మధ్యవాడు బంతిని కాళ్ళ మధ్య నుంచి వెనక్కి అందించాలి. ఆ అందించడమే స్నాప్.

స్నాప్‌కు ముందే రన్నో పాసో అవతలివాళ్ళకు తెలిసిపోతే వాళ్ళ పని సగం అయిపోయినట్టే. రన్ అనుకుంటే వెనక కాపలా ఉన్నవాణ్ణి ఒకణ్ణి ముందుకు తెచ్చి గుంపులో కలుపుతారు. పాస్ అనుకుంటే వాళ్ళ ముందు వరస నలుగురూ రన్ సంగతి వదిలేసి, స్నాప్ అందుకుని పాస్ విసిరే క్వార్టర్‌బ్యాక్ మీద నేరుగా పడతారు.

స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్ చేద్దామని అమెరికా వచ్చినవాణ్ణి, మ్యాచ్ వీడియోలకు ట్యాగులు పెట్టే పార్ట్‌టైమ్ పనిలో చేరి అక్కడే అనలిస్టునయ్యాను. ఏ డౌన్, ఎన్ని గజాలు కావాలి, ఎవరెవరు లోపల ఉన్నారు, ఎలా నిలబడ్డారు, ఏం ఆడారు. రోజంతా ఇదే లెక్క.

అంతకుముందు ఏడాది మా జట్టు ఐదు గెలిచి ఏడు ఓడింది. హెడ్ కోచ్ అవతలివాళ్ళను ఆపే డిఫెన్స్ వైపు నుంచి ఎదిగినవాడు, అఫెన్స్‌ను మొత్తం కోఆర్డినేటర్ చేతుల్లో పెట్టేశాడు. క్వార్టర్‌బ్యాక్ రెండో ఏడాది కుర్రాడు. చెయ్యి మంచిదే గానీ ఎదుటి డిఫెన్స్‌ను చదవడం ఇంకా పట్టుబడలేదు. ముందు వరస ఐదుగురిలో నలుగురు సీనియర్లు, ఒక్కొక్కడు 300 పౌండ్లకు పైనే. ఇలాంటి సరుకు చేతికిస్తే ఎవరైనా రన్ వైపే మొగ్గుతారు. మొదటి డౌన్‌లో పరిగెత్తి నాలుగు గజాలు తెస్తే రెండో డౌన్‌కు ఆరే మిగులుతాయి, అప్పుడు కుర్రాడి మీద బరువు పడదు అన్నది కోఆర్డినేటర్ లెక్క. అందులో తప్పేం లేదు. స్టేడియంలో ఆయన గురించి వినబడిన మాటలు వేరు గనక ఈ ముక్క ముందే చెప్తున్నాను: ఆయన మొండివాడూ కాదు, తెలివిలేనివాడూ కాదు.

ఫిర్యాదు

సీజన్ మొదట్లోనే మొదలైంది. మా వాళ్ళు మొదటి డౌన్‌కు వరస కట్టగానే స్టూడెంట్లు కూర్చునే వైపు నుంచి ‘రన్! రన్!’ అని ముందే అరిచారు. ఆ రన్ రెండు గజాలకే ఆగింది. ఎగతాళిగా చప్పట్లు. అది మా సొంత స్టేడియం, మా సొంత జనం. తర్వాతి మ్యాచ్‌కల్లా ఒక టీషర్టు కూడా వచ్చేసింది, వీపు మీద నాలుగు వరసలు: రన్, రన్, పాస్, పంట్. పంట్ అంటే ఇక మా వల్ల కాదని బంతిని అవతలివాళ్ళకు దూరంగా తన్నేయడం.

హెడ్ కోచ్ పిలిచి, “వీళ్ళు అరిచేది నిజమో కాదో అంకెల్లో చూపించు” అన్నాడు. పక్కనే ఉన్న కోఆర్డినేటర్ నవ్వాడు. “స్టేడియం మొత్తానికి నా ప్లే తెలుసట. తెలిసేది ప్లే అయ్యాక.”

ముందుగా, అందరూ ఎత్తిచూపే అంకెను పరీక్షించాను. అధికారిక లెక్కల ప్రకారం మా ప్లేలలో నూటికి 64 రన్లు. ఇందులో ఒక తిరకాసుంది. పాస్ వేయబోయిన క్వార్టర్‌బ్యాక్‌ను పడగొడితే దాన్ని శాక్ అంటారు. కాలేజీ లెక్కల్లో శాక్ రన్ కింద పడుతుంది, పోయిన గజాలతో సహా. విసరడానికి ఎవరూ దొరక్క క్వార్టర్‌బ్యాక్ తానే పరిగెత్తినా అది రన్నే. ఇవి కాక, రన్నో పాసో స్నాప్ అయ్యాక క్వార్టర్‌బ్యాక్ తేల్చుకునే ఆర్‌పీఓ ప్లేలున్నాయి. కాలేజీ నిబంధనల్లో పాస్ గాల్లోకి వెళ్ళేలోపు ముందు వరస 3 గజాల దాకా చొచ్చుకుపోవచ్చు, ప్రొఫెషనల్ ఆటలో ఒక్క గజమే. అందుకే కాలేజీలో ఇవి ఎక్కువ. అవి రన్‌గా ముగిసినంత మాత్రాన కోఆర్డినేటర్ రన్ పిలిచినట్టు కాదు.

ఏం జరిగిందో వదిలేసి ఏం పిలిచారో దాని ప్రకారం ట్యాగులు మార్చాను. 64 కాస్తా 55కు దిగింది. మా స్థాయి జట్టుకు, అలాంటి ముందు వరస ఉన్న జట్టుకు అది వింత కాదు. ‘అభిమానులు పొరబడుతున్నారు’ అని రిపోర్టు రాశాను. కోఆర్డినేటర్ భుజం తట్టాడు. ఆ రిపోర్టు ఇప్పటికీ దాచుకున్నాను. ఒక్క అంకె కూడా తప్పు లేదు, అడగాల్సిన ప్రశ్న కూడా ఒక్కటీ లేదు.

బేస్‌మెంట్‌లో ఒక సాయంత్రం

మా వీధి చివర ఒక అన్న ఉంటాడు. మా జిల్లావాడే, ఇక్కడికొచ్చి చాలా ఏళ్ళయింది, ఏటా సీజన్ టికెట్ కొంటాడు. మాటల్లో రిపోర్టు సంగతి చెప్పాను.

“నీ పర్సెంటేజీలు నాకెందుకురా,” అన్నాడు. “టీవీలో ఆపి చూపించు. ఏం ఆడతారో నేను చెప్తా.”

జట్టు సొంత వీడియో బయటికి తీయకూడదు. టీవీలో వచ్చినదైతే అందరిదీ. దానిలోంచి 80 ప్లేలు తీసి, స్నాప్‌కు అర సెకను ముందు ఆపి, అన్నకూ మరో ముగ్గురు సీజన్ టికెట్‌వాళ్ళకూ ఆయన బేస్‌మెంట్‌లో చూపించాను. ఒక్కొక్కళ్ళూ కాగితం మీద రన్ అనో పాస్ అనో రాయాలి. నలుగురి సగటు పదికి ఏడు.

ఇక్కడ ఒక క్షణం ఆగాలి. పదికి ఏడు ఎక్కువా తక్కువా? దేనితో పోల్చాలో ముందు తేల్చుకోవాలి. కళ్ళకు గంతలు కట్టుకున్నవాడు, డౌన్ ఎన్నో, ఇంకా ఎన్ని గజాలు కావాలో మాత్రం విని, మూడో డౌన్‌లో దూరం ఎక్కువుంటే పాస్ అనీ మిగతా వాటికి రన్ అనీ రాసుకుంటూ పోతే ఎంత వస్తుంది? మా ప్లేల మీద లెక్క కట్టాను. పదికి ఆరున్నర. అంటే ఆ నలుగురూ కళ్ళతో చూసి పట్టుకున్నది చాలా కొంచెం. నా రిపోర్టుకు ఇంకో ఋజువు దొరికిందనుకున్నాను.

అయితే అన్న కాగితం విడిగా చూస్తే పదికి ఎనిమిది దాటింది. ఎక్కడ గెలిచాడని వెతికాను. రెండో టైట్ ఎండ్ మైదానంలో ఉన్న ప్లేలలో ఆయనకు దాదాపు తప్పే లేదు. టైట్ ఎండ్ అంటే ముందు వరస పక్కన నిలబడి అవసరాన్నిబట్టి అడ్డుకునేవాడు, లేదా పాస్ అందుకునేవాడు. అడిగితే ఆశ్చర్యంగా చూశాడు. “ఆ పొడుగోడు లోపలికొస్తే రన్నే గదరా. వాడెప్పుడన్నా బంతి పట్టుకున్నాడా? పెళ్ళికి బల్లలు మోయడానికి పిలిచినట్టు పిలుస్తారు వాణ్ణి.”

ఆ రాత్రే చూశాను. ఆ కుర్రాడు లోపల ఉన్నప్పుడు పదికి తొమ్మిది రన్లు. నేను నిష్పత్తి చూస్తున్నాను, అన్న మనిషిని చూస్తున్నాడు.

మొదట పట్టుకున్న దారులు

ఇది చెప్పగానే అందరూ ఒప్పుకుని సరిదిద్దారని అనుకోకండి. ఒక అభిమాని మాట పట్టుకుని వచ్చానని గదిలో నవ్వారు. కోఆర్డినేటర్ అనుమానం వేరే చోట ఉంది: మా సైగలను ఎవరో చదివేస్తున్నారని.

మైదానం పక్క నుంచి హెల్మెట్‌లోకి మాట పంపే రేడియోను పైస్థాయి కాలేజీ జట్లకు 2024లో అనుమతించారు. అదీ ఒక్క ఆటగాడికే, గడియారంలో 15 సెకన్లు మిగలగానే ఆగిపోతుంది. ఈ కేసు అంతకు ముందుది. చేతి సైగలతో, బొమ్మలున్న పెద్ద అట్టలతో ప్లేలు పంపేవాళ్ళం. మ్యాచ్ జరుగుతుండగా ఎదుటివాళ్ళ సైగల్ని కంటితో చూసి అర్థం చేసుకోవడం తప్పు కాదు. ముందుగానే మనుషుల్ని వాళ్ళ మ్యాచులకు పంపి చూసి రావడాన్ని మాత్రం 1994 నుంచి నిషేధించారు. 2023లో మిషిగన్ యూనివర్సిటీ జట్టు మీద ఇదే ఆరోపణ బయటపడ్డాక ఇది లోకానికి తెలిసింది గానీ, ఓడుతున్న ప్రతి కోచ్‌ల గదిలోనూ ఈ అనుమానం అంతకుముందూ ఉండేది.

అది కాదని నాకు అనిపించింది. సైగలే బయటపడుతుంటే ఎదుటి డిఫెన్స్ ఊహ అన్ని ఫార్మేషన్లలోనూ, అంటే స్నాప్‌కు ముందు మేం నిలబడే అన్ని తీరుల్లోనూ, ఒకేలా తగలాలి. మా విషయంలో కొన్నిటిలో అచ్చుగుద్దినట్టు తగులుతోంది, కొన్నిటిలో గురి తప్పుతోంది. చెప్పాను గానీ, గదిలో అందరికన్నా చిన్నవాణ్ణి కదా, గట్టిగా చెప్పలేదు. సైగలన్నీ ఒక్క వారంలో మార్చారు. తర్వాతి మ్యాచ్‌లో టైముకు స్నాప్ చేయలేక రెండుసార్లు ఐదేసి గజాల పెనాల్టీ. ఒక ప్లేలో ముందు వరస సగం ఎడమకు, సగం కుడికి కదిలింది. క్వార్టర్‌బ్యాక్ పక్కటెముకలు పట్టుకుని లేచాడు. అవతలివాళ్ళు ఎప్పటిలాగే ముందే కనిపెడుతూ పోయారు.

తర్వాతిది నిష్పత్తి. ‘మొదటి డౌన్‌లో పాస్ వేయండి’ అని హెడ్ కోచే చెప్పాడు. మొదటి వారం బలహీనమైన జట్టు మీద బ్రహ్మాండంగా సాగింది. పేపర్లు మెచ్చుకున్నాయి, టీషర్టు కుర్రాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. రెండో వారం గట్టి జట్టు వచ్చింది. ఐదు శాక్‌లు.

అప్పుడు చేసిన లెక్క నేను మొదటి రోజే చేసి ఉండాల్సింది. పాస్ వేసేటప్పుడు మా క్వార్టర్‌బ్యాక్ బంతికి ఐదు గజాల వెనక షాట్‌గన్‌లో నిలబడతాడు, పాస్ అందుకునే రిసీవర్లు ముగ్గురో నలుగురో విడివిడిగా పరుచుకుంటారు. రన్ అయితే మధ్యవాడి వెనకే అంటుకుని ఉంటాడు, ఇద్దరు టైట్ ఎండ్‌లు. మొత్తం కలిపితే రన్ సగం, పాస్ సగం. విడదీస్తే అటూ పదికి తొమ్మిదే, ఇటూ పదికి తొమ్మిదే. వంటింట్లో ఉప్పూ పంచదారా సరిసమానంగా ఉన్నంత మాత్రాన ఏది ఏదో తెలియకుండా పోదు, డబ్బాల మీద పేర్లు రాసిపెట్టాక.

నష్టం పెరిగింది కూడా. ముందే తెలిసిన రన్‌కు దక్కేది రెండు గజాలు. ముందే తెలిసిన పాస్‌కు పోయేది ఏడెనిమిది గజాలు, అప్పుడప్పుడూ బంతి కూడా. అభిమానులు అడిగిందే ఇచ్చాం. వాళ్ళు రెట్టింపు అరిచారు.

మూడోది పూర్తిగా నా నిర్వాకం. ఎదుటివాడు ఊహించలేకుండా ఆడాలంటే ఎంపికను అదృష్టానికి వదలాలన్న ఆలోచన గేమ్ థియరీలో 1928 నాటి ఫాన్ నాయ్‌మన్ సిద్ధాంతం నుంచీ ఉంది. 2009లో కోవాష్, లెవిట్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ప్లేలను పరిశీలించి రెండు సంగతులు చెప్పారు. జట్లు పాస్ వేయాల్సినంత వేయడం లేదు. పైగా రన్ తర్వాత పాస్, పాస్ తర్వాత రన్ అని ఉండాల్సిన దానికన్నా ఎక్కువగా మారుస్తున్నాయి. మనిషి యాదృచ్ఛికంగా ఉందామనుకుంటే అతిగా మారుస్తాడు, ఆ మార్పే ఒక వరస అయిపోతుంది. మా ప్లేలలోనూ అదే కనిపించింది. మొదటి డౌన్ రన్ విఫలమైతే రెండో డౌన్ దాదాపు ఎప్పుడూ పాసే.

దాంతో ఒక కార్డు చేసిచ్చాను. డౌన్, దూరం చూసుకుని, మ్యాచ్ గడియారంలో సెకన్ల చివరి అంకెను బట్టి రన్నో పాసో తీసుకోవాలి. కోఆర్డినేటర్ నిజంగానే రెండు క్వార్టర్ల పాటు, అంటే సగం మ్యాచ్, వాడాడు. మూడో క్వార్టర్‌లో దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, “ఇది ప్లే కాలింగా, లాటరీనా?” అన్నాడు.

ఆయన విసుగు నాకు అప్పుడు అన్యాయంగా తోచింది. తర్వాత ఆలోచిస్తే, కార్డు విఫలం కావడానికి ఆయన కోపంతో సంబంధమే లేదు. కార్డు రన్నో పాసో ఎంచుతోంది, ఆ రెండూ వేర్వేరు ఫార్మేషన్లలో ఉన్నాయి. నాణెం ఎంత నిజాయితీగా ఎగరేసినా, పడ్డాక పైకెత్తి ఎదుటివాడికి చూపించి ఆడుతున్నాం. యాదృచ్ఛికత పనికొచ్చేది దాచగలిగినప్పుడే. దాచడం ఎలాగో చూడకుండా నేను ఎగరేయడం గురించి ఆలోచించాను.

డిఫెన్స్ కుర్రాళ్ళు

ఆరో మ్యాచ్ తర్వాత ఆట లేని వారం వచ్చింది. ఆ వారంలో చాలా జట్లు సెల్ఫ్ స్కౌట్ చేసుకుంటాయి, అంటే తమను తామే శత్రువులా చూసుకోవడం. మాకూ ఉండేది. నేను పట్టికలు ఇచ్చేవాణ్ణి, కోఆర్డినేటర్ తిరగేసి పక్కన పెట్టేవాడు. ఈసారి పట్టికలు ఇవ్వదలచుకోలేదు. ఆయన నా అంకెను నమ్మడు, ఒక కోచ్ కన్నును నమ్ముతాడు. హెడ్ కోచ్ డిఫెన్స్ మనిషి కాబట్టి ఆయన్ని ఒక్కటే అడిగాను: “మన డిఫెన్స్ సహాయ కోచ్‌లు ఇద్దర్ని రెండు రోజులు ఇవ్వండి. వచ్చే వారం మనతోనే మ్యాచ్ అన్నట్టు తయారవ్వమనండి.”

మూడో రోజు గదిలో లైట్లు ఆర్పి మా ప్లేలు వేశాం, స్నాప్‌కు ముందు ఆపుతూ. ఇద్దరిలో చిన్నవాడు, ఇరవై ఐదేళ్ళుంటాయేమో, లేచి నిలబడి చెప్పడం మొదలుపెట్టాడు. “రన్, కుడికి.” “పాస్.” “పాస్, రన్నింగ్ బ్యాక్ అడ్డుకుంటాడు.” “రన్, వెడల్పు వైపు.” ఇరవైలో పదిహేడు. పదో ప్లే దగ్గరకొచ్చేసరికే గదిలో గుసగుసలు ఆగిపోయాయి. కోఆర్డినేటర్ చాలాసేపు తెర వైపే చూసి, “ఎలా?” అన్నాడు. సీజన్‌లో ఆయన నోట ఆ ప్రశ్న వినడం అదే మొదలు.

జవాబుల్లో మొదటిది అన్న చెప్పినదే, ఆ పొడుగు టైట్ ఎండ్. రెండోది, రన్‌లో బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ షాట్‌గన్‌లో రన్‌కైతే ఒక అడుగు వెనక, పాస్‌కు అడ్డుకోవాలంటే క్వార్టర్‌బ్యాక్‌కు సమానంగా నిలబడుతున్నాడు. మూడోది ముందు వరసలో మధ్యవాడికి ఎడమ పక్కనుండే గార్డు చెయ్యి. రన్ అయితే ముందుకు దూకాలి గనక బరువంతా వేళ్ళ మీద వేసి వంగుతాడు, పాస్ అయితే వెనక్కి జరగాలి గనక వేళ్ళు నేలను తాకీ తాకనట్టుంటాయి. వెనక నుంచి తీసే కెమెరాలో చేతి రంగు మారడం కూడా కనిపించింది. నాలుగోది మైదానం. వెడల్పు 160 అడుగులు, కాలేజీ ఆటలో బంతిని పెట్టే రెండు హాష్ గీతల మధ్య దూరం 40 అడుగులు. ప్రొఫెషనల్ ఆటలో అది పద్దెనిమిదిన్నరే. బంతి ఒక హాష్ మీద ఉంటే కాలేజీలో ఒక పక్క 60 అడుగులు, రెండో పక్క 100 అడుగులు. మా బయటి రన్‌లు దాదాపు అన్నీ ఆ వెడల్పు వైపుకే.

ఏది దిద్దాలి, ఏది వదలాలి

నాలుగూ దిద్దేయాలని నాకు ఉబలాటం. అది కుదరదని చెప్పింది కోఆర్డినేటరే, ఈసారి సరైన కారణంతో. సీజన్‌లో ఆటగాళ్ళ దగ్గర తీసుకోగలిగే సమయం నిబంధన ప్రకారం వారానికి 20 గంటలు, రోజుకు నాలుగు మించకూడదు. మీటింగులూ వెయిట్ రూమూ అందులోనే. వాళ్ళకు పరీక్షలుంటాయి, ల్యాబులుంటాయి. కొత్త ప్లేలు చేర్చుకుంటూ పోతే ఎదుటివాళ్ళ కన్నా ముందు మనవాళ్ళే తికమకపడతారు. సైగలు మార్చిన వారం అది చూశాం.

అందుకని చేర్చడం మాని తీసేయడంతో మొదలుపెట్టాం. ఫార్మేషన్లు ఇరవై రెండు నుంచి తొమ్మిదికి దిగాయి. షరతు ఒక్కటే: ఏ ఫార్మేషన్ కాల్ షీట్ (మ్యాచ్‌లో పిలిచే ప్లేల జాబితా) మీదికి ఎక్కాలన్నా దానిలోంచి ఒక రన్, ఒక పాస్ ఉండాలి, రెండిటికీ మొదటి రెండు అడుగులు ఒకేలా పడాలి. ఆ పరీక్షలో కోఆర్డినేటర్‌కు ఇష్టమైన ప్లేలు కొన్ని పోయాయి. ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్న ప్లేలు. కొట్టేసిన ప్రతి గీతకూ ఆయన మొహం చూడలేకపోయాను.

టైట్ ఎండ్‌కు పాస్ అందుకోవడానికి పరిగెత్తే దారులు, అంటే రూట్లు, నాలుగు ఇచ్చారు. కాలేజీకొచ్చాక బంతి పట్టని కుర్రాడు రోజూ ప్రాక్టీసుకు ముందు పది నిమిషాలు విడిగా పట్టడం నేర్చుకున్నాడు. ఇందులో ఇంకో లాభం నిబంధనల్లోనే ఉంది. అఫెన్స్ ఆటగాళ్ళను మారిస్తే డిఫెన్స్‌కూ మార్చుకునే సమయం ఇవ్వాలి, మార్చకపోతే ఇవ్వనక్కర్లేదు. ఇద్దరు టైట్ ఎండ్‌లను చూసి అవతలివాళ్ళు రన్ ఆపే బరువైనవాళ్ళను దించితే, మేం ఎవర్నీ మార్చకుండా అదే పదకొండు మందితో వెంటనే పాస్ వేయొచ్చు.

గార్డుకు ‘దాచు’ అని చెప్పలేదు. దాచమంటే ఇంకోటి బయటపడుతుంది. ప్రతి ప్లేకూ ఒకటే బరువు, మధ్యస్థంగా. దానివల్ల రన్‌లో మొదటి దూకుడు కొంచెం తగ్గింది, ఒప్పుకున్నాం. రన్నింగ్ బ్యాక్‌కూ ఒకటే చోటు. పాస్‌లో అడ్డుకోవడానికి అతను అరడుగు ఆలస్యమయ్యాడు, అదీ ఒప్పుకున్నాం.

వెడల్పు వైపు రన్‌లను మాత్రం ముట్టుకోలేదు. అక్కడ నిజంగానే 40 అడుగులు ఎక్కువ చోటుంది. ఎదుటివాళ్ళకు తెలిసినా ఆ చోటు ఎక్కడికీ పోదు. ఇరుకు వైపుకు ఒక్క ప్లే పెట్టి ఊరుకున్నాం. ఈ నిర్ణయం మీదే గదిలో అన్నిటికన్నా ఎక్కువ వాదన జరిగింది. అలవాటుకు లాభముంటే ఉంచాలి, అది కేవలం నిర్లక్ష్యమైతే తీసేయాలి అన్నది మేం పెట్టుకున్న గీటు. మిగతా మూడిట్లో పెద్ద లాభమేదీ కనబడలేదు.

ఏం మారింది

గెలుపోటములతో కొలవదలచుకోలేదు. ఎదురొచ్చే జట్లు ఒకేలా ఉండవు. అవతలి డిఫెన్స్‌లో ముందు వరస వెనకుండే లైన్‌బ్యాకర్ మొదటి అడుగును కొలిచాను. స్నాప్ అయ్యాక రన్ మీదికి అతను అడుగు వేయడానికి వీడియోలో ఎన్ని ఫ్రేములు పడుతున్నాయని. ముందు మ్యాచుల్లో స్నాప్‌తోపాటే కదిలేవాళ్ళు, ఒకరిద్దరు అంతకన్నా ముందే. తర్వాతి మ్యాచుల్లో ఒక తటపటాయింపు కనబడింది. చాలా చిన్నది, కంటితో చూస్తే తెలియదు. ముందు వరస వాళ్ళకు ఆ మాత్రం చాలు.

ఎనిమిదో మ్యాచ్‌లో పొడుగు కుర్రాడు లోపలికొచ్చాడు. స్టూడెంట్లు ఎప్పటిలా ‘రన్’ అన్నారు. అవతలివాళ్ళలో అందరికన్నా వెనక కాపలా ఉండే సేఫ్టీ కూడా అదే అనుకుని ముందుకు దూకాడు. అతని తల మీదుగా పాస్, 17 గజాలు. అన్న నుంచి మెసేజ్: “పెళ్ళికొడుకయ్యాడ్రా!”

ఇక రన్ల నిష్పత్తి. నా మొదటి రిపోర్టులో 55, ఆట లేని వారం తర్వాత 54. ఆ కాగితం చూపిస్తే హెడ్ కోచ్ పెద్దగా నవ్వి, “ఇది ఆ టీషర్టు వాళ్ళకు ఇవ్వు” అన్నాడు.

సీజన్ ఆరు గెలుపులు, ఆరు ఓటములతో ముగిసింది. అదంతా మా దిద్దుబాటు చలవే అని చెప్పను. ఆఖర్లో ఎదురైన జట్లలో రెండు మరీ బలహీనం.

అరుపులు ఆగలేదు. టీవీ ఆడియో పెట్టుకుని రెండు మ్యాచులకు వరసగా విన్నాను. ఐదు గజాలు దాటిన రన్‌కు ఒక్క నిట్టూర్పూ లేదు, అదే రన్ రెండు గజాలకు ఆగితే మూలుగు. ప్లే అదే, మైదానంలో చోటూ అదే. ఇలా ఉన్నది మా దగ్గరే కాదు. 2023లో అయోవా యూనివర్సిటీ జట్టు సగటున మ్యాచ్‌కు 15.4 పాయింట్లే చేసి పది మ్యాచులు గెలిచింది, తన డివిజన్‌లో మొదట నిలిచింది. కోఆర్డినేటర్ బ్రయన్ ఫెరెంజ్ హెడ్ కోచ్ కొడుకే. సగటున 25 పాయింట్లు రావాలన్న షరతు ఆయన కాంట్రాక్టులోనే ఉండేది. వచ్చే ఏడాది ఆయన ఉండడని సీజన్ మధ్యలోనే ప్రకటించారు. గెలుస్తున్న జట్టు జనమే ఊరుకోనప్పుడు, సగం ఓడే జట్టు జనం ఊరుకుంటారా? ఇందులో వాళ్ళ తప్పేమీ లేదనే అనుకుంటాను. డబ్బు పెట్టి, చలిలో మూడు గంటలు కూర్చునేవాడు మెలకువగానే చూస్తాడు. అతనికి కనిపించినదీ అతను అరిచేదీ ఒకటే కాకపోవచ్చు. ‘రన్ ఎక్కువ’ అని అరుస్తాడు, కంటికి కనిపించింది మాత్రం ఆ పొడుగు కుర్రాడు.

మళ్ళీ ఇలాంటి పని చేతికొస్తే ‘ఫిర్యాదు నిజమా కాదా’ అన్న ప్రశ్నతో మొదలుపెట్టను. ఫిర్యాదు చేసినవాణ్ణి టీవీ ముందు కూర్చోబెట్టి, ఆపి, ఏం చూసి చెప్తున్నావని అడుగుతాను. సగటు అంకె ఏదైనా ఫార్మేషన్లవారీగా విడదీయకుండా ఎవరికీ చూపించను. ఆ కార్డు లాంటివి నా లాప్‌టాప్‌లోనే ఉంచుకుంటాను. డిఫెన్స్ కుర్రాళ్ళను మాత్రం ఆరో వారం దాకా ఆగకుండా ఆగస్టు క్యాంపులోనే అడుగుతాను. ఆ చిన్న కోచ్ ఇప్పుడు వేరే చోట మంచి ఉద్యోగంలో ఉన్నాడు, దసరా రోజుల్లో ఓసారి ఫోన్ చేస్తే ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

దిద్దని అలవాటు ఇంకోటి మిగిలింది. దాటితే పాయింట్లు దక్కే గోల్ గీతకు మూడు గజాల లోపల మేం ఎప్పుడూ రన్నే. అవతలివాళ్ళకు తెలుసు, జనానికి తెలుసు, మాకు తెలుసని కూడా అందరికీ తెలుసు. అయినా ఆ నలుగురు సీనియర్లు మూడు గజాలు నెట్టుకుపోతూనే ఉన్నారు. అక్కడికోసం ఒక పాస్ తయారుచేసి కాల్ షీట్ అట్టడుగు వరసలో పెట్టాడు కోఆర్డినేటర్. ప్రతి గురువారం ప్రాక్టీసులో ఒకసారి వేయిస్తాడు. ఆ సీజన్‌లో ఒక్కసారి కూడా పిలవలేదు. నేను ఆ ఊరు వదిలేనాటికి ఆ ప్లే ఆ వరసలోనే ఉంది.